పిల్లల కార్ సీట్లు పట్టే పికప్ ట్రక్కు: క్యాబ్ ఎలా ఎంచుకోవాలి

అమెరికాలో పికప్ ట్రక్కు కొనే తెలుగు కుటుంబాలు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. టెక్సస్ లాంటి చోట అయితే చెప్పక్కర్లేదు. పెరట్లోకి మట్టి, మొక్కలు తెచ్చుకోవాలన్నా, ట్రైలర్ లాగాలన్నా, ఇల్లు మారేటప్పుడు సామాను వేసుకోవాలన్నా ట్రక్కు ట్రక్కే. కానీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే, లేదా రాబోతుంటే, ఇంజిన్, టచ్ స్క్రీన్, రంగు అన్నీ పక్కన పెట్టి ముందు క్యాబ్ సంగతి తేల్చుకోవాలి. క్యాబ్ అంటే మనుషులు కూర్చునే భాగం. మిగతా ఏది నచ్చకపోయినా సర్దుకుపోవచ్చు. క్యాబ్ చాలకపోతే మాత్రం రోజూ బిడ్డను ఎక్కించేటప్పుడల్లా తిప్పలే, చివరికి బండి మార్చుకోవాల్సిందే.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఇంట్లో కార్ సీటులో బండి వెనక వైపుకు తిరిగి కూర్చునే వయసు బిడ్డ ఉన్నా, రెండు మూడేళ్లలో ఇంకో బిడ్డ ఆలోచన ఉన్నా, ఎఫ్-150 లాంటి ఫుల్ సైజ్ ట్రక్కులో నాలుగు పెద్ద తలుపుల క్యాబ్ తీసుకోండి. దానికోసం వెనక బెడ్, అంటే సామాను వేసే భాగం, ఒక అడుగు తగ్గినా పరవాలేదు. టకోమా లాంటి మిడ్ సైజ్ ట్రక్కే కావాలనుకుంటే, మీ కార్ సీటు అందులో బిగించి, మీ ఇంట్లో అందరికన్నా పొడుగాటి మనిషిని ముందు కూర్చోబెట్టి చూడకుండా సంతకం పెట్టకండి. ఎందుకో, ఎలా చూడాలో కింద చెబుతాను.

ముందు పేర్ల గందరగోళం తేల్చుకోండి

క్యాబ్‌లు మూడు రకాలు. రెగ్యులర్ క్యాబ్‌లో రెండు తలుపులు, ఒకటే వరస. ఎక్స్‌టెండెడ్ క్యాబ్‌లో వెనక చిన్న వరస, ఇరుకు జాగా. క్రూ క్యాబ్‌లో నాలుగు పూర్తి తలుపులు, వెనక పెద్దవాళ్లు కూడా సుఖంగా కూర్చునే వరస.

ఇంతవరకు తేలికే. చిక్కంతా కంపెనీలు పెట్టిన పేర్లతో. ఫోర్డ్ ఎఫ్-150లో చిన్నది సూపర్‌క్యాబ్, పెద్దది సూపర్‌క్రూ. ర్యామ్ 1500లో చిన్నది క్వాడ్ క్యాబ్, పెద్దది క్రూ క్యాబ్. షెవీ సిల్వరాడోలో చిన్నది డబుల్ క్యాబ్, పెద్దది క్రూ క్యాబ్. టొయోటా టండ్రాలో చిన్నది డబుల్ క్యాబ్, పెద్దది క్రూమ్యాక్స్. అదే టొయోటా వాళ్ల టకోమాలో మాత్రం డబుల్ క్యాబ్ అంటే పెద్దదే. అంటే ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒక బండిలో చిన్న క్యాబ్, ఇంకో బండిలో పెద్ద క్యాబ్. ఆన్‌లైన్ ప్రకటనలో "డబుల్ క్యాబ్, నాలుగు తలుపులు" అని చూసి ఎగబడకండి. నాలుగు తలుపులు ఉన్నంత మాత్రాన వెనక జాగా ఉన్నట్టు కాదు. అది ఏ ట్రక్కు డబుల్ క్యాబో చూసుకోండి.

రెగ్యులర్ క్యాబ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చంటిపిల్లలున్న ఇంటికి అది పనికిరాదు. వెనక్కి తిరిగి ఉండే సీటును, పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు ఎప్పుడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే దెబ్బ నేరుగా బిడ్డ తల వెనక ఉన్న సీటు డొప్పకు తగులుతుంది, ప్రాణానికే ముప్పు. కొన్ని ట్రక్కుల్లో ఎయిర్‌బ్యాగ్ ఆపడానికి తాళంచెవితో తిప్పే స్విచ్ ఉంటుంది. కానీ రోజువారీ వాడకంలో దాన్ని ఎవరో ఒకరు ఒకరోజు మర్చిపోతారు. ఆ భయం పెట్టుకుని బండి నడపడం ఎందుకు? పదమూడేళ్లు వచ్చేదాకా పిల్లల చోటు వెనక వరసే అని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ కూడా చెబుతుంది.

ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేసుకోండి

ఈ రోజు బిడ్డ ఎలా ఉంది అన్నది కాదు, ట్రక్కు మీ దగ్గర ఉండే ఐదారేళ్లలో ఎవరెవరు ఎక్కుతారు అన్నది లెక్క. పిల్లల వైద్యుల సంఘం, అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2018లో తన సూచనను మార్చింది. అంతకుముందు రెండేళ్ల వయసు గీత ఉండేది. ఇప్పుడు సీటు తయారీదారు చెప్పిన బరువు, ఎత్తు హద్దు దాటేదాకా వెనక్కి తిప్పే ఉంచమంటారు. ఈ కాలపు కన్వర్టిబుల్ సీట్లలో, అంటే వెనక్కీ ముందుకూ తిప్పుకోగలిగే సీట్లలో, ఆ హద్దు 40 పౌండ్లు, కొన్నిటిలో 50 పౌండ్లు. అంటే మూడు, నాలుగేళ్ల పిల్లలు కూడా వెనక్కి తిరిగే కూర్చుంటారు. మన ఇళ్లలో "కాళ్లు ముడుచుకుని కూర్చుంటున్నాడు పాపం, ముందుకు తిప్పేయండి" అని పెద్దవాళ్లు అంటూ ఉంటారు. ప్రేమతోనే అంటారు. కానీ గుద్దుకున్నప్పుడు మెడ, వెన్ను కాపాడేది ఆ వెనక్కి తిరిగిన డొప్పే. కాళ్లు ముడుచుకోవడం పిల్లలకు కష్టం కాదు, వాళ్లు నేల మీద కూర్చునేదే అలా.

ట్రక్కులో జాగా తినేది ఈ దశే. ముందుకు తిరిగిన సీటు, బూస్టర్ (బండి బెల్ట్ సరిగ్గా పడేలా పెద్ద పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు) ఎంత చిన్న క్యాబ్‌లోనైనా ఎలాగో పడతాయి. వెనక్కి తిరిగిన సీటు వాలుగా ఉంటుంది కాబట్టి దాని పైఅంచు ముందు సీటు వీపు మీదికి వస్తుంది. పుట్టిన బిడ్డకు దాదాపు 45 డిగ్రీల వాలు కావాలి, లేకపోతే తల ముందుకు వాలి ఊపిరికి అడ్డం పడుతుంది. బిడ్డ పెరిగి మెడ నిలిచాక చాలా సీట్లను కాస్త నిటారుగా పెట్టుకోనిస్తారు, అప్పుడు జాగా కలిసొస్తుంది. కాబట్టి ఏ క్యాబ్‌కైనా గట్టి పరీక్ష నెలల బిడ్డ సీటే. దానికి చాలితే తర్వాతవన్నీ చాలతాయి.

చట్టం సంగతి కూడా ఒక మాట. టెక్సస్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటకపోతే, చైల్డ్ సీటులో ఉండాలి. కాలిఫోర్నియాలో రెండేళ్ల లోపు బిడ్డ, 40 పౌండ్ల బరువో 40 అంగుళాల ఎత్తో చేరకపోతే, వెనక్కి తిరిగే ఉండాలి. ఇవి కనీస హద్దులు మాత్రమే. మీ రాష్ట్రం నియమం విడిగా చూసుకోండి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు కార్ సీటు తెచ్చుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి. ఇక్కడ వాడే సీటు మీద అమెరికా ఫెడరల్ ప్రమాణాలకు సరిపోతుందని రాసిన లేబుల్ ఉండాలి, అక్కడి సీట్ల మీద అది ఉండదు.

బ్రోషర్ అంకెలు: ఎంతవరకు నమ్మాలి

వెనక వరస లెగ్‌రూమ్ అంకెలు చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ఎఫ్-150 సూపర్‌క్రూలో 43.6 అంగుళాలు, సూపర్‌క్యాబ్‌లో 33.5. సిల్వరాడో 1500 క్రూ క్యాబ్‌లో 43.4, డబుల్ క్యాబ్‌లో 35.2. 2022 నుంచి వస్తున్న టండ్రాలో క్రూమ్యాక్స్‌కు 41.6, డబుల్ క్యాబ్‌కు 33.3. ర్యామ్ 1500 క్రూ క్యాబ్ 45.2తో వీటన్నిటికన్నా పైన ఉంటుంది. ఎనిమిది నుంచి పది అంగుళాల తేడా అంటే దాదాపు జానెడు.

ఇప్పుడు మిడ్ సైజ్ చూడండి. 2024 టకోమా డబుల్ క్యాబ్‌లో 33.7. నాలుగు పూర్తి తలుపులున్నా, జాగా మటుకు ఎఫ్-150 చిన్న క్యాబ్‌తో సమానం. కొలరాడో, రేంజర్, ఫ్రంటియర్ క్రూ క్యాబ్‌లు కూడా కాస్త అటూ ఇటూ ఇదే కొలతలో ఉంటాయి. చిన్నవాటిలో హోండా రిడ్జ్‌లైన్ 36.7తో కొంచెం నయం. దాని వెనక సీటు కుషన్ పైకి మడిస్తే కింద స్ట్రోలర్ పెట్టుకోవచ్చు. చిన్న ట్రక్కు చాలనుకునే కుటుంబానికి నేను మొదట చూపించేది అదే.

కానీ ఈ అంకెతోనే కొనేయకండి. అది పెద్దమనిషి కాళ్లకోసం కొలిచిన కొలత, పాదాల దగ్గరి జాగా కూడా అందులో ఉంటుంది. కార్ సీటుకు కావలసింది నేల దగ్గర కాదు, ముందు సీటు భుజాల ఎత్తున. ముందు సీటు వీపు ఎంత మందం, ఎంత వెనక్కి వాలింది, వెనక కుషన్ ఎంత లోతు అన్నవి ఆ అంకెలో కనిపించవు. అందుకే ఒకే లెగ్‌రూమ్ ఉన్న రెండు ట్రక్కుల్లో ఒకదాంట్లో సీటు చక్కగా పడుతుంది, ఇంకోదాంట్లో పట్టదు.

కుషన్ లోతు గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎక్స్‌టెండెడ్ క్యాబ్‌లలో వెనక కుషన్ పొట్టిగా ఉంటుంది. కార్ సీటు అడుగుభాగం కుషన్ అంచు దాటి గాలిలో వేలాడుతుంది. ఎంతవరకు వేలాడవచ్చు అన్నది సీటు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చాలా కంపెనీలు అడుగులో 80 శాతమైనా కుషన్ మీద ఆనాలంటాయి. జాగా ఉన్నా ఈ ఒక్క నియమం దగ్గర ఆగిపోయే బండ్లు ఉన్నాయి. పాత ట్రక్కుల్లో గోడకు ఆనుకుని ఎదురెదురుగా కూర్చునే మడత సీట్లు ఉండేవి. పక్కకు తిరిగి ఉండే ఆ సీట్ల మీద ఏ కార్ సీటూ బిగించకూడదు, దాని గురించి ఇక ఆలోచించవద్దు.

డీలర్ దగ్గరికి మీ సీటు పట్టుకుని వెళ్లండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. అమ్మేవాళ్లు "పడుతుంది సార్, నాకూ ఇద్దరు పిల్లలు, ఇదే బండి" అంటారు. వాళ్ల సీటు వేరు, వాళ్ల ఎత్తు వేరు. మీ సీటే తీసుకెళ్లండి. బిడ్డ ఇంకా పుట్టకపోతే, కొనబోయే సీటు ముందే కొనుక్కుని పెట్టెలోంచి తీసి పట్టుకెళ్లండి. రెండు మాన్యువళ్లు కూడా, అంటే కార్ సీటుదీ, ట్రక్కుదీ, ఫోన్‌లో దింపుకుని ఉంచుకోండి.

వెళ్లాక చేయాల్సిన క్రమం ఇది. మొదట ఇంట్లో అందరికన్నా పొడుగైనవాళ్లు డ్రైవర్ సీటులో కూర్చుని, రోజూ నడిపినట్టే, సీటు, అద్దాలు సర్దుకోవాలి. బండి బాగుందన్న ఉత్సాహంలో సీటు కాస్త ముందుకు జరుపుకుని "నాకేం ఇబ్బంది లేదు" అనేస్తారు చాలామంది. అది వద్దు. హైదరాబాద్ నుంచి విజయవాడ అంత దూరం ఏకబిగిన నడపాలంటే ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి. ఆ తర్వాత డ్రైవర్ వెనక సీటు బిగించండి. పడితే పక్కవైపు ఇంకా తేలికగా పడుతుంది. పడకపోతే, పక్క సీటు వెనక బిగించి, ఆ పక్క సీటులో ఎవరైనా కూర్చుని మోకాళ్లకు, డ్యాష్‌బోర్డుకు మధ్య ఎంత జాగా మిగిలిందో చూడాలి. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు ఆనుకుని కూర్చోవడం సౌకర్యం సమస్య ఒక్కటే కాదు. ఎయిర్‌బ్యాగ్‌కు అంత దగ్గరగా కూర్చోవడం మంచిది కాదు.

ముందు సీటు వీపుకు కార్ సీటు తగలవచ్చా అన్నది రెండు మాన్యువళ్లలోనూ చూడండి. కొన్ని కార్ సీట్ల కంపెనీలు తగిలితే పరవాలేదంటాయి, కొన్ని జాగా వదలమంటాయి. కొన్ని బండ్ల తయారీదారులు ముందు సీటులో ఉన్న సెన్సర్ల కారణంగా ఏదీ ఆనకూడదంటారు. రెండిట్లో ఏది కఠినమైతే అది పాటించాలి.

వెనక్కి తిరిగిన సీటు సరిగ్గా కూర్చుందో లేదో సీటు పక్కనున్న గీత లేదా బుడగ చూపిస్తుంది. ట్రక్కు చదునైన నేల మీద ఉన్నప్పుడే దాన్ని చూడాలి, డీలర్ లాట్‌లో వాలు ఉంటే తప్పు చూపిస్తుంది. సీటు బిగించాక, బెల్ట్ వెళ్లే దారి దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఊపండి. అంగుళానికి మించి కదలకూడదు. పైఅంచు పట్టుకుని ఊపితే వెనక్కి తిరిగిన సీటు ఎలాగూ ఊగుతుంది, దానికి కంగారుపడక్కర్లేదు.

కొన్ని శిశువుల సీట్ల ముందు నేలకు ఆనే కాలు ఉంటుంది. లోడ్ లెగ్ అంటారు. అది గట్టి నేల మీద ఆనాలి. ట్రక్కుల్లో వెనక సీటు కింద సామాన్ల పెట్టె, మడిచే అర ఉంటాయి. ఆ కాలు పెట్టె మూత మీద పడితే ఆ సీటు ఆ బండికి పనికిరాదు. అర తీసేసి కింద నేల తగులుతుందేమో చూడండి, రెండు మాన్యువళ్లూ ఏమంటున్నాయో చూడండి.

డీలర్ తొందరపెడితే ఇంకో దారి ఉంది. వారాంతానికి అదే మోడల్, అదే క్యాబ్ అద్దెకు తీసుకోండి. ఎఫ్-150, సిల్వరాడో, ర్యామ్ క్రూ క్యాబ్‌లు అద్దె కంపెనీల దగ్గర తరచుగా దొరుకుతాయి. గుడికి, ఇండియన్ స్టోర్‌కు, డేకేర్‌కు మీరు రోజూ తిరిగే దారిలో తిరిగి చూడండి. అరగంట టెస్ట్ డ్రైవ్‌లో తెలియనిది రెండు రోజుల్లో తెలుస్తుంది.

టెథర్: ట్రక్కులో అందరూ తడబడేది ఇక్కడే

ముందుకు తిరిగే సీటుకు వీపు పైభాగం నుంచి ఒక పట్టీ వస్తుంది, చివర కొక్కెం. అదే టాప్ టెథర్. గుద్దుకున్నప్పుడు బిడ్డ తల ముందుకు వెళ్లే దూరాన్ని అది కొన్ని అంగుళాలు తగ్గిస్తుంది. తల ముందు సీటుకు తగలడానికీ తగలకపోవడానికీ ఆ కొన్ని అంగుళాలే తేడా. చాలామంది ఆ పట్టీని మడిచి సీటు వెనక వదిలేస్తారు. దయచేసి అలా చేయకండి.

కార్లలో కొక్కెం తగిలించే చోటు వెనక అద్దం కిందో, డిక్కీలోనో ఎదురుగానే కనిపిస్తుంది. ట్రక్కుల్లో వెనక సీటు వీపు క్యాబ్ గోడకు అతుక్కుని ఉంటుంది, చెయ్యి దూరే సందు ఉండదు. చాలా ట్రక్కుల్లో సీటు వీపు పైన, హెడ్‌రెస్ట్ వెనక, గట్టి బట్టతో కుట్టిన ఉచ్చు లాంటిది ఉంటుంది. చూసినవాళ్లు సీటు మడవడానికి లాగే పట్టీ ఏమో అనుకుంటారు. బిడ్డ కూర్చున్న చోటు వెనకున్న ఉచ్చులోంచి టెథర్ పట్టీ దూర్చి, పక్క స్థానం వెనకున్న ఉచ్చుకో కొక్కేనికో తగిలించాలి. అంటే పట్టీ నేరుగా కిందికి వెళ్లదు, పక్కకు మళ్లుతుంది. ఏ ఉచ్చులోంచి ఎటు వెళ్లాలి అన్నది బండికో తీరు, స్థానానికో తీరు. మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, అది చూసే చేయండి, అంచనాతో వద్దు.

దీన్ని కొనకముందే చేసి చూడండి. వెనక సీటు వీపు ముందుకు ఎలా వంగుతుందో అమ్మేవాళ్లను చేసి చూపించమనండి. కొన్నిటిలో సన్నటి పట్టీ లాగితే వంగుతుంది, కొన్నిటిలో ముందు కుషన్ పైకి లేపాలి. ఇద్దరు పిల్లలకు రెండు సీట్లు బిగించాలంటే రెండు పట్టీలూ మధ్య ఉచ్చుకే వెళ్లాల్సి రావచ్చు. అది అనుమతిస్తారో లేదో కూడా ఆ బొమ్మ పక్కనే రాసి ఉంటుంది.

అలాగే హెడ్‌రెస్ట్. ట్రక్కుల వెనక హెడ్‌రెస్ట్‌లు కొన్ని ఊడి రావు, ముందుకు పొడుచుకుని ఉంటాయి. కార్ సీటు వీపు దానికి తగిలి, సీటు వెనకవరకూ ఆనదు. ఊడి వస్తుందో, ముందుకు మడుస్తుందో చూడండి. బూస్టర్ దశకు వచ్చాక లెక్క తిరగబడుతుంది. వీపు లేని బూస్టర్ వాడితే బిడ్డ చెవుల ఎత్తుకైనా బండి హెడ్‌రెస్ట్ ఉండాలి, లేకపోతే వీపున్న బూస్టరే వాడాలి.

ల్యాచ్, బెల్ట్: ఏది వాడాలి

కుషన్‌కు, వీపుకు మధ్య సందులో ఉండే ఇనుప కడ్డీలే ల్యాచ్ కింది యాంకర్లు. 2002 సెప్టెంబర్ 1 నుంచి తయారైన బండ్లలో ఇవి ఉండాలన్నది అమెరికా నియమం. చాలా ట్రక్కుల్లో ఇవి రెండు చివరి స్థానాలకే ఉంటాయి, మధ్యకు ఉండవు. పక్క సీట్ల లోపలి కడ్డీలను మధ్యకు వాడుకోవచ్చని అనుకోకండి. రెండు మాన్యువళ్లూ ఒప్పుకుంటేనే అది కుదురుతుంది. మధ్య స్థానానికి సీట్ బెల్ట్ చాలు. బెల్ట్ పూర్తిగా బయటికి లాగి వదిలితే చాలా బండ్లలో టిక్ టిక్ అంటూ లాక్ అవుతూ వెనక్కి పోతుంది, ఆ లాక్‌తోనే సీటు బిగుస్తుంది. ల్యాచ్, బెల్ట్ రెండూ కలిపి వాడితే ఇంకా గట్టి అనుకుంటారు. సీటు కంపెనీ చెబితే తప్ప అలా చేయకూడదు.

ల్యాచ్‌కు బరువు హద్దు ఉంది. బిడ్డ, సీటు కలిపి 65 పౌండ్లు. సీటే 25 పౌండ్లుంటే బిడ్డ 40 పౌండ్లు దాటగానే కింది కొక్కేలు వదిలి బెల్ట్‌కు మారాలి. కచ్చితమైన అంకె మీ సీటు లేబుల్ మీద ఉంటుంది. బెల్ట్‌కు మారినా, ముందుకు తిరిగిన సీటుకు టెథర్ మాత్రం వదలకూడదు.

బీమా కంపెనీలు నడిపే రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2015 నుంచి బండ్ల ల్యాచ్ వాడకం ఎంత తేలికో గ్రేడ్లు ఇస్తోంది. మీరు చూస్తున్న ట్రక్కు పేరు కొట్టి చూడండి. గుద్ది చూసే పరీక్షల్లో ఆ సంస్థ 2022 చివరి నుంచి వెనక వరసలో ఒక బొమ్మను కూర్చోబెట్టి చూస్తోంది. ఆ బొమ్మ పొట్టి మహిళ లేదా పన్నెండేళ్ల పిల్ల అంత ఉంటుంది. కాబట్టి ఆ గ్రేడు కార్ సీటులో ఉన్న చంటిబిడ్డకు వర్తించదు. బూస్టర్ దాటిన పెద్ద పిల్లలు ఉంటే మాత్రం తప్పకుండా చూడండి.

అమ్మమ్మ, తాతయ్య వచ్చినప్పుడు

మన ఇళ్లలో ఇది పెద్ద ప్రశ్న. పురుడు సమయానికి ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తారు, ఆరు నెలలు ఉంటారు. అప్పుడు బండిలో నలుగురు పెద్దలు, ఒక చంటిబిడ్డ. ఫుల్ సైజ్ క్రూ క్యాబ్‌లో వెనక ఒక చివర కార్ సీటు బిగిస్తే, మిగతా రెండు చోట్ల ఇద్దరు పెద్దవాళ్లు బాగానే కూర్చుంటారు. మిడ్ సైజ్‌లో కూర్చోలేరని కాదు, గంట ప్రయాణానికే కాళ్లు పట్టేస్తాయి.

ఇద్దరు పిల్లలకు రెండు చివర్లా సీట్లు ఉంటే మధ్యలో పెద్దవాళ్లు కూర్చోవడం ఫుల్ సైజ్‌లో కూడా ఇరుకే. దీనికి ఫుల్ సైజ్ ట్రక్కుల్లో ఒక మార్గం ఉంది. ఎఫ్-150, సిల్వరాడో లాంటివాటి కింది ట్రిమ్‌లలో, అంటే ఒకే మోడల్‌లో తక్కువ ఖరీదు రకాల్లో, ముందు వరస కూడా బెంచీలా వస్తుంది. మధ్యలోని ఆర్మ్‌రెస్ట్ పైకి లేపితే మూడో సీటు, దానికీ బెల్ట్ ఉంటుంది. అక్కడ పెద్దవాళ్లు మాత్రమే కూర్చోవాలి. పై ట్రిమ్‌లలో ఆ చోట కన్సోల్ వస్తుంది. ఖరీదైన ట్రిమ్‌కు పోతే ఒక సీటు పోతుందన్నమాట.

ముగ్గురు పిల్లలకు మూడు సీట్లు పక్కపక్కన పెట్టాలంటే ఫుల్ సైజ్ క్రూ క్యాబ్ వెడల్పు బాగా పనికొస్తుంది. డియోనో, క్లెక్ కంపెనీల 17 అంగుళాల సన్నటి సీట్లతో ఇంకా తేలిక. అయితే బూస్టర్‌లో ఉన్న పిల్ల తనంతట తాను బెల్ట్ బకిల్ పెట్టుకోగలగాలి, సందులో చెయ్యి దూరుతుందో లేదో చూడండి. పిల్లలు ముగ్గురు, పెద్దవాళ్లు కూడా తరచూ వస్తారంటే ఒడిస్సీనో, సియెన్నానో లాంటి మినీవ్యాన్ కొనుక్కోండి. ట్రక్కు అందుకు తగిన బండి కాదు.

ఎక్కించడం, దించడం

ట్రక్కు నేల కారు నేల కన్నా చాలా ఎత్తు. బకెట్ సీటులో, అంటే బేస్ నుంచి తీసి చేత్తో మోసుకెళ్లే శిశువుల సీటులో, బిడ్డను పెట్టి భుజాల ఎత్తుకు లేపి లోపల బేస్ మీద టక్కున పడేలా కూర్చోబెట్టాలి. సిజేరియన్ అయిన తల్లికి ఆ మొదటి వారాల్లో అది చేయకూడని పని. ఎవరో ఒకరు తోడు ఉండాలి, లేదా సీటును బండిలోనే ఉంచి బిడ్డను మాత్రం చేతుల్లో ఎత్తుకుని ఎక్కించాలి. టెస్ట్ డ్రైవ్‌లో సీటులో పది పౌండ్ల బియ్యం సంచి పెట్టి ఇద్దరూ ఒక్కోసారి లేపి చూడండి. బండి పక్కన మెట్టు, అంటే రన్నింగ్ బోర్డ్, తప్పనిసరి అనుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకూ, తమంతట తాము ఎక్కే నాలుగేళ్ల పిల్లలకూ అదే ఆధారం. తలుపు పక్క స్తంభానికి పట్టుకునే హ్యాండిల్ ఉందో లేదో కూడా చూడండి.

ఎఫ్-150 సూపర్‌క్యాబ్‌లో వెనక తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి, అది కూడా ముందు తలుపు తెరిచాకే. పార్కింగ్ లాట్‌లో పక్కన కారు ఉంటే మీరు రెండు తలుపుల మధ్య ఇరుక్కుంటారు. చేతిలో ఏడుస్తున్న బిడ్డ, భుజాన బ్యాగ్, ముందు కూర్చున్నవాళ్లు బెల్ట్ తీసి తలుపు తెరిస్తే గానీ వెనక తలుపు రాదు. వారానికోసారి అయితే సర్దుకోవచ్చు, రోజుకు నాలుగుసార్లు డేకేర్ దగ్గర అంటే విసుగొచ్చేస్తుంది. సిల్వరాడో డబుల్ క్యాబ్, ర్యామ్ క్వాడ్ క్యాబ్ తలుపులు మామూలుగానే తెరుచుకుంటాయి. చిన్న క్యాబే కొనాల్సి వస్తే వీటివైపు చూడండి.

మధ్య స్థానం భద్రమైనదని వినే ఉంటారు, అది నిజమే. కానీ ట్రక్కు మధ్యకు నేల మీద నిలబడి చెయ్యి చాలదు. మెట్టు ఎక్కి వంగి బెల్టులు సరిగ్గా బిగించలేకపోతే ఆ భద్రత దక్కదు. పేవ్‌మెంట్ వైపు, అంటే కుడి చివర, సరిగ్గా బిగించిన సీటు మంచి ఎంపిక.

బెడ్, గరాజ్ కొలతలు

ఎఫ్-150 సూపర్‌క్రూ 5.5 అడుగుల బెడ్‌తో, సూపర్‌క్యాబ్ 6.5 అడుగుల బెడ్‌తో తీసుకుంటే రెండిటి మొత్తం పొడవూ ఒకటే, సుమారు 232 అంగుళాలు. అంటే మీరు ఇచ్చి పుచ్చుకునేది ఆ ఒక్క అడుగు. చాలా ఇళ్ల గరాజ్ లోతు 20 అడుగుల చుట్టూ, అంటే 240 అంగుళాలు ఉంటుంది, అందులో ఈ బండి ఎలాగో పడుతుంది. సూపర్‌క్రూకు 6.5 బెడ్ కూడా కావాలంటే 20 అడుగులు దాటిపోతుంది, తలుపు మూత పడదు. టేపు పట్టుకుని మీ గరాజ్ కొలవండి. పక్కన ఇంకో కారు ఉండగా ట్రక్కు వెనక తలుపు ఎంత తెరుచుకుంటుందో కూడా లెక్క వేసుకోండి. బిడ్డను ఎక్కించేది అక్కడే కదా. ఆ బెడ్‌లో పిల్లల్ని కూర్చోబెట్టి తిప్పడం మాత్రం ఎప్పుడూ వద్దు. టెక్సస్‌లో 18 ఏళ్ల లోపు వాళ్లకు అది నేరం కూడా.

పాత ట్రక్కు కొంటుంటే

వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబర్‌తో, ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో రీకాల్స్ చూడండి. వెనక సీటు కింద చెయ్యి పెట్టి ల్యాచ్ కడ్డీలు వంగలేదని, టెథర్ ఉచ్చులు చిరగలేదని, వెనక బెల్టులు పూర్తిగా లాగితే లాక్ అవుతున్నాయని చూసుకోండి. వెనక వరసలో ఎప్పుడూ పనిముట్లే వేసుకున్న బండ్లలో ఇవి పాడైపోయి ఉంటాయి.

కొన్నాక

మొదటిసారి మీరే బిగించండి, తర్వాత సర్టిఫైడ్ చైల్డ్ ప్యాసెంజర్ సేఫ్టీ టెక్నీషియన్‌కు చూపించండి. సేఫ్ కిడ్స్ సంస్థ ఈ సర్టిఫికెట్లు చూసుకుంటుంది. మీ జిప్ కోడ్ కొడితే దగ్గరలో ఎవరున్నారో ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో కనిపిస్తుంది. చాలాచోట్ల ఈ పని ఉచితంగా చేస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "ఇది పికప్ ట్రక్కు, టెథర్ చూపించాలి" అని చెప్పండి. వెళ్లేటప్పుడు రోజూ బిడ్డను ఎక్కించే పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లండి. ఇంగ్లీషు రాకపోయినా, చేతులతో ఒకసారి చేస్తే వాళ్లకు వచ్చేస్తుంది. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లితే మడత రాకూడదు, ఛాతీ క్లిప్ చంకల ఎత్తున ఉండాలి. ఈ రెండూ వాళ్ల చేత చేయించి, మీ వెనక తలుపుల చైల్డ్ లాక్ ఎక్కడుందో చూపించి ఇంటికి బయల్దేరండి.